ఏడింటి బెల్లు

పదమూడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, ఒక్క మాట. "ఏడింటికేనండీ" అన్నాను. అంతే. ఆ మాట అన్నప్పుడు నా గొంతు వణకలేదు, చెమట పట్టలేదు, నేల మీద చూపు పెట్టుకుని నిలబడలేదు. చక్కగా తలెత్తి, పిల్లలకు ఎక్కం చెప్పినట్టు చెప్పాను. అదే నన్ను ఇన్నేళ్లూ తినేస్తోంది.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పుకునే ధైర్యమే ఉంటే ఈపాటికి చెప్పి ఉండేదాన్ని. నా పేరు రాయను, ఊరి పేరూ రాయను. మాచవరానికి అవతల, వాగు పక్కన ఒక పల్లె అనుకోండి చాలు. అక్కడ మిషను బడిలో పంతులమ్మను. ఇప్పటికీ అదే బడి, అదే కుర్చీ, గోడ మీద అదే గడియారం.

ఆ గడియారం సంగతి ముందు చెప్పాలి. లోలకం ఊగే పాత గోడ గడియారం. బడికీ గుడికీ మాకు ఒకటే పెంకుటిల్లు, కాబట్టి ఆదివారం ఆరాధనకూ, మిగతా రోజుల్లో పాఠాలకూ అదొక్కటే దిక్కు. తాళంచెవి నా దగ్గరే ఉండేది. వారానికోసారి నేనే కీ తిప్పేదాన్ని. ఊళ్లో ఇంకెవరికీ గడియారం లేదు. మా బెల్లు అంటే వేపకొమ్మకు ఇనుప తీగతో కట్టిన రైలు పట్టా ముక్క. నేను సుత్తెతో దాని మీద కొడితే ఊరవతల పొలాల దాకా వినపడేది. కూలికి పోయేవాళ్లు ఆ బెల్లుతో బయల్దేరేవాళ్లు. పసిపిల్లల తల్లులు ఆ బెల్లుకి ఇంటికి తిరిగొచ్చేవాళ్లు. బస్సు కూడా ఆ బెల్లుకే కదిలేది.

అవును, బస్సు కూడా. మా ఊరికి ఒక్కటే బస్సు. నరసరావుపేటలో ఉండే ఒక పెద్దాయనది. సాయంత్రం వచ్చి బడి ముందు ఆగేది, పొద్దున మొదటి బెల్లు కొట్టగానే బయల్దేరి గంటలో పిడుగురాళ్ల చేరేది. డ్రైవరు మస్తాన్. నలభై ఏళ్ల మనిషి, పొట్టిగా, ఎప్పుడూ భుజం మీద తడిగుడ్డ వేసుకుని ఉండేవాడు. బెల్లు వినపడకుండా అతను బండి తీయడు, వినపడ్డాక ఎవరి కోసమూ ఆగడు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో తెలియదు, నేను ఆ ఊరు వచ్చేసరికే ఉంది. చూస్తే నవ్వొస్తుంది గానీ, అంతకంటే నికరమైన ఏర్పాటు మాకు ఇంకోటి లేదు.

నాకొక పిచ్చి ఉండేది. గుంటూరు నుంచి తెచ్చుకున్న రైళ్ల టైముల పుస్తకం. దాన్ని కాగితాలు ఊడిపోయేదాకా చదివాను. ఎక్కడికీ పోయే యోగం లేనిదాన్ని కాబట్టి కాబోలు. పెళ్లయిన రెండో ఏడే మా ఆయన పోయాడు. ఆ ఉద్యోగం, బడి పక్కన ఒక గది, ఆ పుస్తకం, అంతే నా సంసారం. ఊళ్లో ఎవరికి ప్రయాణం పడినా నా దగ్గరికి వచ్చేవాళ్లు. ఏ బస్సెక్కి ఎక్కడ దిగాలి, అక్కడ ఏ రైలు అందుతుంది, మళ్లీ ఏ బస్సు మారాలి, అన్నీ చీటీ మీద రాసిచ్చేదాన్ని. అందులో నాకొక లెక్క ఉండేది. రెండు బళ్లూ ఒకే యజమానివైతే మధ్యలో పది నిమిషాలు చాలు. వాడి బండి వాడిదే కాబట్టి కాస్త ఆగుతాడు. బళ్లు వేరువేరు వాళ్లవైతే మాత్రం ఇరవై నిమిషాలకు తగ్గకూడదు. బస్సు సంగతి రైలుకు పట్టదు, రైలు సంగతి బస్సుకు పట్టదు, మధ్యలో నలిగేది మూట నెత్తిన పెట్టుకున్న మనిషి. పది నిమిషాలు బండి మొరాయించినందుకు, పది నిమిషాలు మనిషి కంగారుపడినందుకు. ఇలా చెప్పి ఎంత మురిసిపోయేదాన్నో. నా చీటీ పట్టుకుని వెళ్లినవాళ్లకు ఎప్పుడూ బండి తప్పలేదని ఊరంతా చెప్పుకునేది.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. సాగర్ డ్యామ్ పనికి మా వైపు మనుషులు లారీలెక్కి పోతున్న రోజులు. ఒంటిపూట బడులు పెట్టారు, ఏడింటికి మొదటి బెల్లు. మా పేటకున్న బావి అడుగంటింది. వాగు ఇసకలో చెలమ తవ్వుకుని, ఊట ఊరేదాకా కూర్చుని, చిప్పతో తోడుకోవాలి. ఒక్కో బిందెకి అంత సేపు. నా వంతు వచ్చేసరికి పొద్దెక్కేది. ఊరి బావి దగ్గరికి మమ్మల్ని రానివ్వరు, ఆ సంగతి మీకు విడమరచి చెప్పక్కర్లేదు. నాలుగు రోజులు వరసగా బడికి ఆలస్యమైంది. అయిదో రోజు బడి మేనేజరయిన అయ్యగారు సైకిల్ మీద వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఏమీ తిట్టలేదు. "ఇంకొక్కసారి ఇట్లా జరిగితే నీ స్థానంలో ఇంకొకరిని చూసుకోవాల్సి వస్తదమ్మా" అన్నారు. అంత మెల్లగా అన్నారు కాబట్టే నాకు భయం వేసింది.

ఆ మధ్యాహ్నం పిల్లలు వెళ్లాక స్టూలెక్కి గడియారం తలుపు తీశాను. పెద్దముల్లును వేలితో పట్టుకుని వెనక్కి తిప్పాను. పన్నెండు నిమిషాలు.

ఎందుకు పన్నెండు? పదీ కాదు, పావుగంటా కాదు. చెలమ దగ్గర నాకు ఎంత ఆలస్యమవుతోందో లెక్క వేసుకుని మరీ తిప్పాను. లెక్కలో నేనెప్పుడూ గట్టిదాన్నే. ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను. ఊరంతా ఒకేసారి పన్నెండు నిమిషాలు వెనక్కి పోతే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియలేదు. సూర్యుడికి తప్ప. మస్తాన్‌కు కూడా కొద్దిగా అనుమానం వచ్చింది. పిడుగురాళ్లలో బస్సు గుమాస్తాకు చేతి గడియారం ఉంది. రోజూ లేటు, రోజూ లేటు అని అతను కాగితం మీద రాసుకుంటున్నాడట. ఒక పొద్దున మస్తాన్ బడి మెట్టు దగ్గరికి వచ్చి, "పంతులమ్మా, మీ గడియారం ఏమన్నా ఎనక్కి పోతందా?" అని అడిగాడు. నేను సుత్తె చేత్తో పట్టుకునే ఉన్నాను. నీ బండే నత్తలా పోతోందేమో చూసుకోవయ్యా అన్నాను. నవ్వేసి పోయాడు పాపం. అంతటితో ఆ మాట పోయింది.

ఇక సుందరమ్మ గురించి రాయాలి. రాయడానికి చేయి రావడం లేదు.

సుందరమ్మ, దావీదు మా పేట వాళ్లే. దావీదు ఒక ఆసామి దగ్గర పాలేరు. సుందరమ్మ నాకంటే నాలుగైదేళ్లు చిన్నది, గలగలా మాట్లాడే మనిషి. ముగ్గురు బిడ్డల్ని కన్నది, ముగ్గురూ నెల తిరక్కుండానే పోయారు. మూడో బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన రోజు నుంచి ఆమె మాట తగ్గింది. దావీదు తల్లి ఇంకో పెళ్లి చేస్తానని అప్పుడే మొదలుపెట్టింది. నేనే ఒక దారి చెప్పాను. గుంటూరు అవతల ఒక ఊళ్లో దిక్కులేని పసిపిల్లల్ని పెంచే ఇల్లు ఉంది, ఒక దొరసాని చూసుకుంటుంది, అర్జీ పెట్టమన్నాను. అర్జీ నేనే రాశాను. ఏడాది గడిచింది. చివరికి ఆ వేసవిలో ఉత్తరం వచ్చింది. నలభై రోజుల ఆడపిల్ల ఉంది. ఫలానా గురువారం సాయంత్రం నాలుగింటి లోపల భార్యాభర్తలిద్దరూ వచ్చి సంతకం పెట్టి తీసుకుపోవాలి. ఆ పూట మీరు రాకపోతే, వరసలో మీ తర్వాత ఉన్నవాళ్లూ అక్కడే ఉంటారు, బిడ్డను వాళ్లకు ఇచ్చేస్తాం. మరునాడు దొరసాని ఎండలు తప్పించుకోవడానికి కొండల మీదకు వెళ్లిపోతుంది.

ఆ ఉత్తరం నేను చదివి వినిపించినప్పుడు సుందరమ్మ నా కాళ్ల దగ్గరే కూర్చుండిపోయింది. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. మూడోసారి కూడా. ఆ వారమంతా పాత చీర చించి చిన్న చిన్న జుబ్బాలు కుట్టింది. ఎనిమిదో తొమ్మిదో. అంత చిన్న గుడ్డలు నేనెప్పుడూ చూడలేదు.

నేను చీటీ రాశాను. ఏడింటికి మస్తాన్ బస్సు, ఎనిమిదింటికి పిడుగురాళ్ల. ఎనిమిదీ ఇరవైకి గుంటూరు రైలు. గుంటూరులో దిగి ఒంటిగంటకు ఇంకో యజమాని బస్సు. మూడింటికల్లా ఆ ఊరు. ఒక్క బండి తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. తర్వాతి రైలు సాయంత్రానికి గానీ లేదు.

మొదటి మార్పు దగ్గర ఇరవై నిమిషాలు. కాగితం మీద నా లెక్క సరిగ్గా సరిపోయింది. కాని ఆ ఇరవైలో పన్నెండు నేను అప్పటికే తినేశానని నాకు తెలుసు. ఈ మాట తప్పించుకోకుండా రాయాలి. చీటీ రాస్తున్నప్పుడే తెలుసు. ఇరవైలోంచి పన్నెండు తీసేస్తే ఎనిమిది. ఎనిమిది చాలులే అనుకున్నాను. ఆ రైలు ఎప్పుడూ పది నిమిషాలు ఆలస్యంగానే వస్తుంది కదా అనుకున్నాను. పరాయివాళ్ల బండికీ బండికీ మధ్య ఇరవై ఉండాలని ఊరందరికీ నీతులు చెప్పినదాన్ని, నా దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదితో సర్దుకున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. సుందరమ్మ చీటీ తీసుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. "పంతులమ్మా, ముందు రోజే పోయి టేసన్లో పడుకుంటే ఏం? నాకు చానా భయంగా ఉంది" అంది. ఎంత తెలివైన మాట! నా పుస్తకం మొత్తం చదివినా నాకు తట్టని మాట. ఆ రోజు నేను అవునని ఉంటే ఈ కథే లేదు. కానీ అవునంటే ఎందుకని అడుగుతుంది. ఇరవై నిమిషాలు ఉన్నాయి కదా మరి, చాలవా అని అడుగుతుంది. అప్పుడు ఏం చెప్పాలి? అందుకని నవ్వాను. "ఎందుకే ఆ అవస్థ? నేను రాసిచ్చిన చీటీకి ఎప్పుడన్నా బండి తప్పిందా?" అన్నాను. ఆమె కూడా నవ్వింది. నా మీద ఆమెకు అంత నమ్మకం.

గురువారం పొద్దున చెలమ దగ్గరి నుంచి బిందె ఇంట్లో పడేసి బడికి పరుగెత్తాను. గడియారంలో ఏడుకు ఇంకా నాలుగు నిమిషాలు ఉంది. అంటే నిజంగా ఏడూ ఎనిమిది. బస్సులో అందరూ ఎక్కి కూర్చున్నారు. సుందరమ్మ కిటికీ దగ్గర, ఒళ్లో జుబ్బాల మూట. నన్ను చూసి చేయి ఊపింది. మస్తాన్ చక్రం పట్టుకుని బెల్లు కోసం నా వైపే చూస్తున్నాడు.

ఆ నాలుగు నిమిషాలు నేను మరచిపోలేను. సుత్తె చేతిలో ఉంది. అప్పుడే కొట్టేయవచ్చు. కొడితే నాలుగు నిమిషాలు కలిసొచ్చేవి. "నువ్వు పోవయ్యా మస్తాన్, ఇవాళ్టికి బెల్లుతో పనిలేదు" అని ఒక కేక వేసినా సరిపోయేది. కానీ అయ్యగారు ఆ వారంలో రెండుసార్లు చెప్పకుండా వచ్చిపోయారు. ముల్లు ఏడు మీదకు రాకుండా బెల్లు కొట్టడం ఎవరన్నా చూస్తే, గడియారం దాకా పోతుంది వ్యవహారం. నేను నిలబడి ముల్లునే చూశాను. ముల్లు ఏడు మీదకు వచ్చింది. కొట్టాను. బస్సు కదిలింది. సుందరమ్మ ఇంకా చేయి ఊపుతూనే ఉంది.

దారిలో ఏమీ జరగలేదు. ఎప్పటిలాగే వాగు దాటాక రేడియేటర్‌లో నీళ్లు పోయడానికి మస్తాన్ అయిదు నిమిషాలు ఆపాడు. రోజూ ఆపేదే. ఎనిమిదీ పదిహేడుకు పిడుగురాళ్లలో దిగారు. అక్కడి నుంచి స్టేషన్‌కు పరుగెత్తారు. రైలు ఆ ఒక్క రోజు సరైన టైముకు వచ్చి సరైన టైముకు బయల్దేరింది. వీళ్లు ప్లాట్‌ఫారం మీదకు వచ్చేసరికి గార్డు పెట్టె వాళ్ల కళ్ల ముందే జారిపోయిందట. సుందరమ్మ దాని వెంట ప్లాట్‌ఫారం చివరి దాకా పరుగెత్తిందని దావీదు తర్వాత చెప్పాడు.

సాయంత్రం రైలుకు వెళ్లారు. మరునాడు మధ్యాహ్నానికి ఆ ఇల్లు చేరారు. దొరసాని వెళ్లిపోయింది. బిడ్డా వెళ్లిపోయింది. ఇంకో ఊరి దంపతులు తీసుకుపోయారట. ఎవరో ఏమిటో చెప్పడం వాళ్ల పద్ధతి కాదన్నారు. సుందరమ్మ ఆ జుబ్బాల మూట అక్కడే ఇచ్చేసి వచ్చింది, ఏ బిడ్డకన్నా తొడగండని.

తిరిగొచ్చిన పూట దావీదు మస్తాన్ చొక్కా పట్టుకున్నాడు. ఊరంతా చేరింది. నీళ్లు పోసే వంకతో బీడీలు కాల్చుకుంటూ కూర్చున్నాడనీ, రోజూ ఇంతేననీ ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. మస్తాన్ ఒక్కటే మాట అంటున్నాడు, బెల్లు కొట్టంగానే తీశానన్నా, బెల్లు కొట్టంగానే తీశా అని. నేను గది తలుపు దగ్గర నిలబడి విన్నాను.

సోమవారం బస్సు యజమాని తన కారులో వచ్చాడు. చేతిలో పిడుగురాళ్ల గుమాస్తా రాసిన కాగితం. మస్తాన్‌ను వెంటబెట్టుకుని బడి మెట్ల దగ్గరికి వచ్చి నన్ను బయటికి పిలిచాడు. అయ్యగారు కూడా ఆ పూట వచ్చి ఉన్నారు, లోపల హాజరు పట్టీ చూస్తున్నారు. ఆయనకు ప్రతి మాటా వినపడుతుంది.

"ఏమ్మా పంతులమ్మా, ఈడు బెల్లు కొట్టంగానే బండి తీశానంటన్నాడు. నిజమేనా?"

"నిజమేనండీ."

"గంట దారికి గంటా పావు పైన పట్టిందంటే మజ్జెలో ఏం చేసినట్టు? పది రోజుల నుంచి ఇదే తంతంట, కాయితం చూడు."

"మామూలుగా వచ్చే టైమే పట్టింది సామీ, అల్లా తోడు. ఎక్కడా ఆగలా. నీళ్లు పోశా, అంతే" అన్నాడు మస్తాన్. తర్వాత నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి పంతులమ్మా. గడియారం సరిగ్గానే ఉందా?"

"నువ్వుండరా. నే అడుగుతన్నాగా. ఏమ్మా, మొన్న గురువారం బెల్లు ఎన్నింటికి కొట్టావు?"

"ఏడింటికేనండీ."

మస్తాన్ నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. తన లెక్క ఎక్కడో తప్పిందేమోనని వెతుక్కుంటున్నవాడిలా చూశాడు. నా మాట నమ్మాడు. తన మీద తనకే అనుమానం పుట్టింది ఆ మనిషికి. యజమాని బండి తాళం ఇమ్మని చేయి చాపాడు. మస్తాన్ భుజం మీది తడిగుడ్డతో తాళం తుడిచి ఇచ్చాడు.

ఇంతవరకే అయితే భయపడి అబద్ధమాడిందని మీరు నన్ను జాలిపడి వదిలేయవచ్చు. నాకు ఉద్యోగం పోతే నిలువ నీడ లేదన్నది నిజమే. కానీ ఆ మధ్యాహ్నం నేను చేసినది ఇంకొకటుంది. పిల్లలు వెళ్లాక మళ్లీ స్టూలెక్కాను. గడియారం తలుపు తీసి, ముల్లును పన్నెండు నిమిషాలు ముందుకు తిప్పాను. ఎవరన్నా స్టేషన్ టైముతో సరిచూస్తారేమోనని. మరునాడు కొత్త డ్రైవరు వచ్చాడు. బెల్లు కొట్టాను, బస్సు కదిలింది, వాగు దగ్గర అతనూ నీళ్లు పోశాడు, ఎనిమిదీ అయిదుకల్లా పిడుగురాళ్లలో ఉన్నాడు. చూశారా, ఆ మస్తాన్ గాడు ఎంత మోసం చేశాడో అన్నారు ఊళ్లో. అంతవరకు కాస్తో కూస్తో అతని వైపు మాట్లాడినవాళ్లు కూడా నోరు మూసుకున్నారు. అతను దోషి అని రుజువు చేసినది నా మాట కాదు, నా వేలు. ఆ మాటకు సాక్ష్యం కూడా నేనే తయారు చేసిపెట్టాను.

మరి నేను ఆ రోజు నుంచి బడికి ఆలస్యం కాలేదా అంటారు. కాలేదు. కోడి కూయకముందే లేచి చెలమ దగ్గరికి వెళ్లాను. అందరికంటే ముందు నా బిందె నిండింది. పావుగంట ముందే బడి దగ్గర ఉన్నాను. ఇంతా చేసి అంత తేలికైన పని అది. ఆ పనే పది రోజుల ముందు ఎందుకు చేయలేకపోయానా అని ఆ పొద్దున మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఛీ, ఆ ఏడుపు కూడా నా కోసమే.

మస్తాన్ పెళ్లాం పిల్లల్ని తీసుకుని మాచర్ల వైపు వెళ్లిపోయాడు. ఏ బస్సు యజమానీ అతనికి మళ్లీ చక్రం ఇవ్వలేదు. ఆరేళ్ల తర్వాత ఒకసారి కనిపించాడు. నేను ఏదో బడి పని మీద మాచర్ల వెళ్లి, బస్సు దిగి ఇంకో బస్సు కోసం చూస్తున్నాను. లారీలు కడుగుతున్న మనిషి నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అతనే. గడ్డం నెరిసింది. చేతికి గడియారం ఉంది. లారీలు కడిగేవాడికి గడియారం ఎందుకు? దాన్ని ఒకసారి చూసుకుని, "మీ బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది పంతులమ్మా, కూకోండి" అని ఒక పెట్టె తెచ్చి నీడలో వేశాడు. టీ తెప్పించాడు. ఊళ్లో ఒక్కొక్కరి పేరే చెప్పి అందరూ బాగున్నారా అని అడిగాడు. సుందరమ్మ గురించి అడగలేదు. చివర్లో మాత్రం, "మీ గడియారం ఇంకా ఆడతందా?" అన్నాడు. ఆడుతోంది అన్నాను. మంచిది అన్నాడు.

అతనికి తెలుసా? ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. తెలిసి అడిగి ఉంటే ఆ టీ ఎందుకు తెప్పిస్తాడు? తెలియక అడిగి ఉంటే ఆ గడియారం ఎందుకు కొనుక్కుంటాడు? ఇరవై నిమిషాలు అతని పక్కన కూర్చున్నాను. ఏ బండికీ బండికీ మధ్య ఎవరికీ దొరకనంత తీరిక నాకు దొరికింది. మూడు ముక్కలు చెప్పడానికి ఇరవై నిమిషాలు. టీ తాగాను, గ్లాసు ఇచ్చేశాను, బస్సెక్కాను. కిందటేడు అతను పోయాడని విన్నాను.

సుందరమ్మకు రెండో ఉత్తరం రాలేదు. ఆ తర్వాత అర్జీలు కూడా నేనే రాశాను. ఎన్నో రాశాను. కొండల మీద నుంచి దొరసాని తిరిగి రాలేదట, కొత్తగా వచ్చినవాళ్లు జవాబే ఇవ్వలేదు. దావీదు సాగర్ కాలవ పనికి వెళ్లి అక్కడే ఇంకో ఆమెతో కాపురం పెట్టాడు. వాళ్లకు ఇద్దరు పిల్లలని చెప్పుకుంటారు. సుందరమ్మను నేనే అయ్యగారితో చెప్పి బడిలో పనికి పెట్టించాను. ఊడుస్తుంది, నీళ్లు పెడుతుంది, బెల్లు కొడుతుంది. పంతులమ్మది ఎంత జాలిగుండె అని పేటంతా అంటుంది. ఆమె కూడా అంటుంది. మీరు చెయ్యాల్సిందంతా చేశారు పంతులమ్మా, నా నొసటన లేదు అంటుంది. ఆ మాట విన్న ప్రతిసారీ కాసేపు నేను పిల్లల పలకల వైపు చూస్తాను.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, పోయిన వారం స్త్రీల కూటంలో సుందరమ్మ లేచి నిలబడింది. ఆమె ఎప్పుడూ లేవదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తన మనసులో ఒక పాపం ఉందని చెప్పింది. పదమూడేళ్లుగా మస్తాన్‌ను పొద్దున లేచిన వెంటనే తిట్టుకుంటున్నానని, అతను చచ్చిపోయాడని విన్న రోజు సంతోషపడ్డానని, ఎంత ప్రయత్నించినా క్షమించలేకపోతున్నానని, దానికి తనను దేవుడు క్షమిస్తాడో లేదోనని ఏడ్చింది. అందరూ ఏడ్చారు. తర్వాత ఆమె నా వైపు తిరిగింది. "పంతులమ్మా, నా కోసరం మీరే ప్రార్థన చెయ్యండి" అంది.

కూటంలో ప్రార్థన నడిపేది నేనే. చేశాను. ఆమె తల మీద చేయి పెట్టి, మస్తాన్‌ను క్షమించే మనసు ఈమెకు ఇవ్వు ప్రభువా అని, పెద్ద గొంతుతో, ఒక్క మాట తడబడకుండా చేశాను. నా అరచేతి కింద ఆమె తల వెచ్చగా ఉంది. దేవుడు ఉన్నాడని నేను నమ్ముతాను కాబట్టి చెబుతున్నాను, ఆ నిమిషంలో ఆయన నా మొహం కూడా చూడకుండా పక్కకు తిరిగి ఉంటాడు.

ఇంటికొచ్చి ఈ కాగితం తీశాను. ఇది రాసినంత మాత్రాన మస్తాన్ చేతికి చక్రం రాదు. ఆ పిల్ల ఎక్కడుందో, ఈపాటికి పదమూడేళ్లు నిండి ఉంటాయి, ఎవరింట్లో ఎవరిని అమ్మా అంటోందో, ఆమె రాదు. సుందరమ్మకు చెబుతానా? చెప్పాలి. చెప్పగలనా? తెలియదు. మీతో గొప్పలు పోయి, చెబుతానని మాట ఇవ్వను. ఇన్నాళ్లకు నా మాటకు విలువ కట్టడం నాకే తెలిసింది. రాస్తుంటే మాత్రం ఛాతీ మీద బరువు కాస్త తీసినట్టుంది. అంతే. అంతకంటే అడిగే హక్కు లేదు.

రేపు పొద్దున్నే సుందరమ్మ చీపురు మూలన పెట్టి, సుత్తె తీసుకుని గుమ్మంలో నిలబడుతుంది. ఇన్నేళ్ల నుంచి చదువుకోమన్నా గడియారం చూడటం నేర్చుకోలేదు. "పంతులమ్మా, కొట్టమంటారా?" అని అడుగుతుంది. నేను గోడ వైపు చూసి ఊ అంటాను. ఆమె నా మాట మీద కొడుతుంది.

ఆ బస్సు యజమాని మెట్ల దగ్గర నిలబడి అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. ఇంత ఆలస్యంగా ఇస్తున్నాను. ఆ గురువారం బెల్లు ఏడూ పన్నెండుకి కొట్టానండీ.